రెండు తడితే రైట్

మా వదిన ఒకే మనిషిని రెండుసార్లు చంపింది. ఒకసారి నీళ్ళిచ్చి, ఇంకోసారి నీళ్ళివ్వక. ఇలాంటి ఘనత మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే చెప్పండి, వచ్చి మీ బట్టలన్నీ ఊరికే ఉతికి పెడతాను. నేను ఉతికితే ఎలా ఉంటుందో మీకు తెలియదు. ఒకసారి నేనుతికిన తెల్ల దుప్పటి దండెం మీద వేస్తే, తెల్లారిందనుకుని ఎదురింటి కోడి సాయంత్రం పూట కూసింది.

మంచం దిగలేని ముసలివాళ్ళని చూసుకునే హోమ్‌లో నాది బట్టలుతికే పని. ఏడో తరగతి మధ్యలో చదువుకి నేనే సెలవిచ్చాను, బడివాళ్ళు ఆ దెబ్బ నుంచి ఇప్పటికీ తేరుకోలేదు. హోమ్ అంటే ఒక పొడవాటి కారిడారు, రెండు వైపులా గదులు, గదికి రెండు మంచాలు, మంచానికి అటూ ఇటూ ఇనప కడ్డీలు. తుంటి విరిగినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, తామెవరో మర్చిపోయి ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ తమ్ముడూ అని పిలిచేవాళ్ళు ఉంటారు. నేను అలా చాలామందికి తమ్ముణ్ణి. కారిడారు చివర నా సామ్రాజ్యం. మెషీన్లు, ఆవిరి, మడతలు వేసే పెద్ద బల్ల. ఎవరి రోజు ఎలా గడిచిందో డాక్టరు కన్నా ముందు నాకు తెలుస్తుంది. దుప్పటి చూసి జాతకం చెప్పేస్తాను.

మా వదిన అక్కడ నర్సు. పెద్ద చదువు చదివిన నర్సు కాదు, ఏడాది కోర్సు చేసిన చిన్న నర్సు. వీపులు తుడవాలి, పక్కలు మార్చాలి, తినిపించాలి, పుండ్లకి కట్లు కట్టాలి, పెద్ద సిస్టర్ తీసిచ్చిన మాత్రలు మింగించాలి. సొంతంగా మందు మార్చకూడదు, తిండి మార్చకూడదు. అయినా మంచం మీది మనిషి రోజు మొత్తంలో ఎక్కువగా చూసేది ఆమె మొహమే.

హోమ్‌లో ఆమెకి పెట్టిన పేరు ‘సరేనా’. ఏం చేసినా ముందు చెప్తుంది. "ఎడం పక్కకి తిప్పుతున్నాను, సరేనా?" "మొహం తుడుస్తాను, సరేనా?" ఆ మాట మిగతావాళ్ళూ అంటారు, కాని అంటూనే తిప్పేస్తారు. మా వదిన అని ఆగుతుంది. అవతలి మనిషి గొంతుతోనో తలతోనో కనురెప్పతోనో ఏదో ఒకటి చెప్పేదాకా అలా చేతులు గాల్లో పెట్టుకుని నిలబడుతుంది. ఒక మామ్మ సరే అనే లోపల నేను దుప్పట్లన్నీ ఉతికి, ఆరబెట్టి, పెళ్ళిచూపులకి కూడా వెళ్ళొచ్చాను. పిల్ల నచ్చలేదు, అది వేరే సంగతి. ఇంట్లోనూ ఇదే వరస. "అన్నం పెట్టనా, సరేనా?" అని గరిటె పట్టుకుని నిలబడుతుంది. మా అన్నయ్య టైల్స్ పరిచే మేస్త్రి, మాటలు కూడా టైల్స్‌లాగే వృథా కాకుండా వాడతాడు. జవాబు చెప్పడానికి బద్ధకించి కంచం ముందుకి తోస్తాడు.

ఈ అలవాటు ఆమెకి కోర్సులో రాలేదు. మా అమ్మ నేర్పింది. అమ్మ మంచాన పడిన రోజుల్లోనే వదిన కోర్సు ముగించుకుని వచ్చింది. నేర్చుకున్న పనితనమంతా అత్తగారికి చూపించాలనుకుంది కాబోలు, అమ్మని ఒక్క ఊపున పక్కకి తిప్పి కింద దుప్పటి లాగేసింది. అమ్మ గోడవైపు చూస్తూ, "నేనేమన్నా మూటనా అమ్మాయ్? చెప్పి తిప్పు. లేదా వదిలెయ్, ఈ తడిలోనే పడుంటాను" అంది. ఆ తర్వాత అమ్మ ఎక్కువ కాలం లేదు. వదిన ఈ సంగతి ఎవరికీ చెప్పదు. అందుకే నేను అందరికీ చెప్తాను.

ఇక నీళ్ళ కథ. అది నా బల్ల దగ్గరే మొదలైంది.

మొహాలు తుడిచే చిన్న తువ్వాళ్ళు చిరిగి రావడం మొదలుపెట్టాయి. అంచున కాదు, నట్టనడుమ, గుండ్రంగా, పళ్ళ గాట్లతో. మురిక్కాలవలోంచి మొసలి లోపలికొచ్చిందని నేను ప్రచారం చేశాను. ఎంత అందంగా చేశానంటే, వంటాయన కొన్నాళ్ళపాటు వెనక తలుపు తియ్యలేదు. ఆయాలు కాళ్ళు ముడుచుకుని కూర్చునేవాళ్ళు. వదిన మాత్రం ఆ తువ్వాళ్ళని ఒక్కొక్కటే వెలుతురుకి పట్టి చూసింది.

"ఇవి ఏ గదివిరా?"

"మొసలికి గది నంబరెందుకు వదినా?"

"ఒరేయ్ ఇస్త్రీ, ఏ గదివి?"

కిటికీ పక్క మంచం కండక్టరు గారివి. బస్సు కండక్టరు. బతుకంతా నిలబడి ప్రయాణం చేసిన మనిషి, ఇప్పుడు పడుకునే ఉంటున్నారు. పక్షవాతంతో కుడి పక్క పోయింది, మాట పోయింది, మింగుడు దెబ్బతింది. పల్చటి నీళ్ళు తాగితే గొంతులో దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి జారతాయి. అందుకని నీళ్ళలో పొడి కలిపి చిక్కబెట్టి పెట్టమని ఆసుపత్రివాళ్ళు రాసి పంపారు. మేం దాన్ని జిగురునీళ్ళంటాం. దానితో గోడకి పోస్టర్లు అంటించొచ్చు. నేనొకసారి రుచి చూశాను. దాహం తీరకపోగా, నా దాహానికే దాహం వేసింది.

ఆయనకి పోకుండా మిగిలినవి ఎడం చెయ్యి, తెలివి. ఆ చేత్తో మంచం కడ్డీ మీద కొట్టేవారు. అది జబ్బుతో వచ్చిన అలవాటని పెద్ద సిస్టర్ అనుకుంది. వదిన ఆయన కూతుర్ని అడిగింది. ఆవిడ నవ్వి, "అది బస్సు గంటండీ. ఒకటి కొడితే ఆపు, రెండు కొడితే రైట్. మా ఇంట్లో చిన్నప్పుడు అన్నం వద్దన్నా కావాలన్నా కంచం మీద అలాగే కొట్టేవాళ్ళం" అంది. అప్పటినుంచి వదిన సరేనా అనడం, ఆయన కడ్డీ మీద గంట కొట్టడం. ఆ గదిలోకి వెళ్తే నాకు టిక్కెట్టు తీసుకోవాలనిపించేది.

తువ్వాళ్ళు చూసిన మధ్యాహ్నం వదిన నా బల్ల దగ్గరికి మళ్ళీ వచ్చి పీట మీద కూలబడింది.

"తువ్వాలు కోపంతో కొరకట్లేదురా. పీల్చుకుంటున్నారు. మొహం తుడిచినప్పుడు దొరికిన కాస్త తడినీ పీల్చుకుంటున్నారు."

నేను మడవబోయిన తువ్వాలుని అలాగే బల్ల మీద పెట్టేశాను.

"ఆయన తువ్వాలు వదలట్లేదని ఆయాలు చెప్తే, గట్టిగా పిండి తుడవండని చెప్పింది నేనే" అంది.

"అయితే ఓ గ్లాసు నీళ్ళు పోసెయ్. ఎవరు చూడొచ్చారు? నేను గుమ్మంలో నిలబడి పాట అందుకుంటాను. నా పాట వింటే ఇటువైపు ఎవరూ రారు."

"చాటుగా ఇచ్చాక దగ్గొచ్చి ఊపిరాడకపోతే సాయానికి ఎవర్ని పిలవను? నిన్నా? నువ్వొస్తే పిండి ఆరేస్తావు."

"పోనీ రోజూ కాస్త కాస్త..."

"నేను డ్యూటీలో లేని రోజు ఎవర్ని అడుగుతారు? నాకు జాలేసినప్పుడల్లా తాగాలా ఆయన?"

లేచి పెద్ద సిస్టర్ గదికి వెళ్ళింది. వెనకాలే నేను, చేతిలో దిండు గలీబులతో. అవి ఆ గదిలో ఎవరికీ అక్కర్లేదు.

పెద్ద సిస్టర్ చెడ్డమనిషి కాదు, భయం ఎక్కువ. "రాసింది చెయ్యడం మన పని" అంది.

"రాసినవాళ్ళు ఆయన్ని అడిగి రాశారా అని అడుగుతున్నాను సిస్టర్."

"అడిగితే ఏమంటారు? నీళ్ళే అంటారు."

"అంటే వినాలి కదా."

"అటూ ఇటూ అయితే మెడకి చుట్టుకుంటుంది. ముందు నీ మెడకే, నాది తర్వాత."

"సరే సిస్టర్. డాక్టరు గార్ని పిలిపించండి. వాళ్ళమ్మాయినీ రమ్మనండి. ఇవ్వాలో వద్దో నేను చెప్పను. ఆయన్ని అడగమని చెప్తాను, అంతే."

పెద్ద సిస్టర్ గొణుక్కుంటూనే ఫోను తీసింది.

డాక్టరు వచ్చిన రోజు కండక్టరు గారి కూతురు మెడలో కొలతల టేపుతోనే వచ్చింది. బట్టలు కుడుతుంది. తండ్రి చొక్కాలన్నీ వీపున విప్పేలా ఆవిడే మార్చి కుట్టింది, బిగుసుకుపోయిన చేతిని లాగకుండా తొడగడానికి. అంత చక్కని కుట్టు నేను చూడలేదు, నా చేతుల్లోంచి పోయే బట్టలు సముద్రమంత అని గుర్తుపెట్టుకోండి. పక్క మంచం దుప్పటి మార్చే మిషతో నేనూ లోపలే ఉన్నాను. మడిచిన దుప్పటినే విప్పి మళ్ళీ మడుస్తున్నాను.

డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "ఇది మీ ఇల్లా?"

ఒకటి.

"ఈవిడ మీ అమ్మాయా?"

రెండు.

"నేను డ్రైవర్నా?"

కండక్టరు గారు డాక్టర్ని కిందినుంచి పైదాకా చూశారు. ఒకటి. నోరు ఒక పక్కకి వంకర పోయింది. అది నవ్వు. బస్సు ఇతని చేతికిస్తే ఏమయ్యేదో ఆలోచించి ఉంటారు.

డాక్టరు అప్పుడు దాపరికం లేకుండా చెప్పాడు. మామూలు నీళ్ళు తాగితే కొన్ని ఊపిరితిత్తుల్లోకి పోతాయని, పోతే జ్వరం, ఆయాసం వస్తాయని, న్యుమోనియా వస్తే ప్రాణం పోవచ్చని. తాగకపోతే ఇంకొంత ఎక్కువ కాలం ఉండొచ్చని. "అర్థమైందా?"

రెండు.

"అయినా కావాలా?"

కూతురు గబుక్కున వంగి కడ్డీని అరచేత్తో మూసేసింది. "నాన్నా, ఒకటి కొట్టు. ఆపమను. నిన్ను చంపుకోడానికి ఇక్కడ పెట్టలేదు నాన్నా, ఇంట్లో నేనొక్కదాన్నే లేపలేక పెట్టాను."

ఆయన కూతురి మొహంలోకి చూస్తూ ఉండిపోయారు. చప్పుడు చెయ్యడానికి కడ్డీ లేదు. దాన్ని మూసిన ఆ చేతి మీదే వేళ్ళతో మెల్లగా తట్టారు. ఒకటి. కాసేపు ఆగారు. మేమంతా అయిపోయిందనుకున్నాం. రెండోది తట్టారు.

వదిన వెంటనే ఒప్పుకోలేదు. ముందుకొచ్చి, "కండక్టరు గారూ, మధ్యలో ఆగారు. ఆపమనా, పోనిమ్మనా? మళ్ళీ చెప్పండి, సరేనా?" అంది. కూతురు చెయ్యి తియ్యలేదు. ఆ చేతి మీదే ఈసారి వెంట వెంటనే రెండు పడ్డాయి.

జ్వరమొస్తే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలా అని డాక్టరు అడిగాడు. ఒకటి. అది కూడా మళ్ళీ అడిగించింది మా వదిన. మళ్ళీ ఒకటే.

"నిర్ణయం ఆయనదమ్మా. మనకి నచ్చకపోవచ్చు" అని డాక్టరు కూతురితో అన్నాడు. ఆవిడ టేపు చేతికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. నీళ్ళు ఎలా ఇవ్వాలో డాక్టరే చెప్పాడు. ముందు నోరు శుభ్రం చెయ్యాలి. నిటారుగా కూర్చోబెట్టాలి. గడ్డం కిందికి వంచాలి. చిన్న చెంచాతో, ఒక్కొక్కటిగా. బాగా మెలకువగా ఉండి, ఆయనంతట ఆయన కావాలన్నప్పుడే. వదిన ప్రతి మాటా తిరిగి అప్పజెప్పింది.

మొదటి చెంచాకే ఉక్కిరిబిక్కిరయ్యారు. మొహం నల్లబడింది, కళ్ళు పైకి తేలాయి, ఆ దగ్గుకి మంచం కదిలింది. కూతురు బయటికి పరుగెత్తింది. నేను కూడా, అబద్ధమెందుకు, సగం గుమ్మం దాటాను. వదిన ఆయన్ని ముందుకు వంచి పట్టుకుని, దగ్గు తగ్గేదాకా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. సగం నీళ్ళు చొక్కా మీద ఉన్నాయి. ఊపిరి కుదుటపడ్డాక మూతి తుడిచి, "ఇక చాలా? ఇంకోటి కావాలా? ఇంకోటైతే రెండు కొట్టండి, సరేనా?" అంది. అని ఆగింది.

రెండు.

రెండో చెంచా లోపలికి దిగింది. జన్మలో మొదటిసారి సీటు దొరికినవాడిలా కళ్ళు మూసుకున్నారాయన.

ఆ తర్వాత తువ్వాళ్ళు చిరగలేదు. నా మొసలి చచ్చిపోయింది. వంటాయన కొంచెం నిరుత్సాహపడ్డాడు.

కూతురు వదినతో మాట్లాడటం మానేసింది, రావడం మాత్రం మానలేదు. చెంచా వేళకి బయట కారిడార్లో కూర్చునేది. లోపలి దగ్గు వినిపించినప్పుడల్లా పైట కొంగు నోట్లో కుక్కుకునేది. కొన్నాళ్ళకి లోపలికి వచ్చింది. చెంచా తను పట్టుకోలేదు గాని, గడ్డం కింద గుడ్డ పట్టుకునేది.

అప్పుడు జ్వరం వచ్చింది. డాక్టరు చెప్పినట్టే, చెప్పిన వరసలోనే. గుండెలో గురగుర, ఆయాసం, గోళ్ళు నీలం. ఆసుపత్రి వద్దన్నారు కాబట్టి డాక్టరు ఇక్కడికే వచ్చి ఆయాసం తెలియకుండా మందిచ్చాడు. ఆ మందుకీ జ్వరానికీ ఆయన మగతలోకి జారిపోయారు. నేను ఆ గదికి పూటకో దుప్పటి మోశాను. చెమటకి ఎంత బరువెక్కాయంటే... ఇక్కడ ఒక అబద్ధం చెప్పాలి, తోచట్లేదు. బరువెక్కాయి.

చివరి మధ్యాహ్నం కూతురు బల్ల మీది చెంచా తీసి వదిన చేతిలో పెట్టింది. "ఒక్క చెంచా ఇవ్వండి. ఇష్టపడ్డారు కదా. తాగి పోనివ్వండి."

వదిన ఆయన చెవి దగ్గరికి వంగింది. "కండక్టరు గారూ, నీళ్ళివ్వనా? సరేనా?"

ఆగింది. ఆ ఎడం చెయ్యి కడ్డీ మీదే ఉంది. కదల్లేదు. ఆ చేతి కింద తన చెయ్యి పెట్టి మళ్ళీ అడిగింది. మళ్ళీ ఆగింది. నాకు తెలిసి అంతసేపు ఆమె ఎప్పుడూ ఆగలేదు. బయట ఎవరిదో బండి చక్రాలు కిర్రుమంటూ కారిడారంతా దాటిపోయాయి.

"మెలకువలో లేరమ్మా. ఇప్పుడు పోస్తే మింగలేరు, ఊపిరికి అడ్డం పడతాయి. పెదాలు తడుపుదాం. ఇదుగో, మీరే తడపండి" అని తడిగుడ్డ అందించింది.

"వద్దు మొర్రో అంటే ఇచ్చావు" అంది కూతురు. గొంతు పెంచలేదు. "ఇవ్వమని బతిమాలితే ఇవ్వనంటున్నావు. ఎవరే నువ్వు?"

"అప్పుడు ఆయన అడిగారు. ఇప్పుడు అడగట్లేదు."

"నేను అడుగుతున్నాను కదా."

వదిన చెంచా తిరిగి ఇవ్వలేదు. దీపాలు వెయ్యకముందే ఆయన పోయారు. ఆ గుడ్డ మిగతా బట్టలతో నా దగ్గరికి వచ్చింది. దాని మీద పళ్ళ గుర్తులు లేవు.

కూతురు పైవాళ్ళకి ఫిర్యాదు చేసింది. ఈ సిస్టర్ నీళ్ళిచ్చి మా నాన్నని చంపింది, ఆఖర్న గొంతు తడపకుండా చంపింది అని. రెండూ ఒకే నోటితో. ఆఫీసు గదిలో వదినని కూర్చోబెట్టారు. మేనేజరు మంచివాడే, దారి కూడా చూపించాడు. "డాక్టరు చెప్పారు, నేను చేశాను అను. ఆ ఒక్క ముక్క చాలు, లేచి వెళ్ళిపో."

"డాక్టరు గారు చెప్పారు, నిజమే. కాని ఆయన్ని అడగండని మొదలుపెట్టింది నేను సార్. అది వదిలేస్తే ఎలా?"

ఇంటికొచ్చి చెప్తే మా అన్నయ్య ఆ ఏడాదికి సరిపడా మాటలు ఒకేసారి వాడేశాడు. "అంత నోరెందుకే నీకు? అడిగినదానికి చెప్పి ఊరుకోవచ్చు కదా?" ఆమె గరిటె పట్టుకుని, "అన్నం పెట్టనా, సరేనా?" అంది. ఆ పూట అన్నయ్య కంచం తొయ్యలేదు. పెట్టు అని నోటితో అన్నాడు.

విచారణలో తప్పు లేదని తేల్చారు. కాని మాట పాకింది. ఆ సిస్టర్ని మా అమ్మ గదికి పంపొద్దని ఒకరు, మా ఆయన దగ్గరికి రానివ్వొద్దని ఇంకొకరు. కొన్నాళ్ళు మంచాల దగ్గర వద్దులే అని పెద్ద సిస్టర్ ఆమెని నా దగ్గరికి పంపింది, బట్టలు మడవడానికి. ఆ కొన్నాళ్ళు ఇంకా నడుస్తున్నాయి. ఇంత పేరున్న నర్సు ప్రస్తుతం నా కింద పనిచేస్తోంది. దుప్పటి అంచులు కలవట్లేదని రోజూ దబాయిస్తాను. నా మడతల కన్నా ఆమెవే బాగుంటాయి, అది బయటికి పొక్కనివ్వను.

కారిడార్లోంచి ఒక్కోసారి మామ్మ కేక వినిపిస్తుంది, చెప్పకుండా తిప్పినప్పుడు. వదిన చేతులు దుప్పటి మీద ఆగిపోతాయి. తలుపు వైపు ఒక అడుగు వేస్తుంది. అక్కడికి వెళ్ళే అధికారం ఇప్పుడు ఆమెకి లేదు. తిరిగొచ్చి మడత అందుకుంటుంది. ఆ కేకలు ఆగేదాకా నేను మెషీను చప్పుడు పెంచుతాను. మెషీను చప్పుడు పెంచడం ఎలాగో నాకొక్కడికే తెలుసు, ఖాళీ మెషీన్లు కూడా తిప్పాలి.

ఒకరోజు కండక్టరు గారి కూతురు సంచితో వచ్చింది. లోపల ఆ వీపున విప్పే చొక్కాలు, ఉతికి, ఇస్త్రీ చేసి. "ఎవరికైనా పనికొస్తాయి" అంది నాతో. వదినని చూసి వెళ్ళబోయి, గుమ్మంలో ఆగింది.

"ఆఖర్న దాహం వేసుంటుందా?"

లేదమ్మా, హాయిగా పోయారు అంటే ఏం పోయింది? నేనైతే స్వర్గంలో ఆయన బస్సు ఎక్కి అందరికీ నీళ్ళు పంచుతున్నట్టు చెప్పి పంపేవాణ్ణి. వదిన చేతిలో చొక్కా పట్టుకుని చాలాసేపు ఆలోచించింది.

"తెలియదమ్మా" అంది.

ఆవిడ తల ఊపి వెళ్ళిపోయింది. ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు. ఆ చొక్కాల్లో ఒకటి ఇప్పుడు అదే కిటికీ పక్క మంచం మీది కొత్తాయన వేసుకుంటున్నాడు. ఆయన కూడా జిగురునీళ్ళ మనిషే. నేను తువ్వాళ్ళు చూస్తున్నాను. ఇంకా చిరగలేదు.

ఇదంతా రాసి మడతల బల్ల దగ్గర వదినకి చదివి వినిపించాను. మొదటి వాక్యానికే దుప్పటి అంచు వదలకుండా తలెత్తి చూసింది. చివరిదాకా విని, కొసలు కలిపి, మడత వేసి దొంతర మీద పెట్టాక చెప్పింది.

"రెండుసార్లేంట్రా. ఆయన ఒక్కసారే పోయారు. నేను పక్కనే ఉన్నాను."